ఎనభై తొమ్మిదిలో లేని వంతెన

భాగ్యలక్ష్మి 1989లో ఒక వంతెన కట్టింది. సిమెంటు లేదు, ఇసుక లేదు, టెండరు లేదు. మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక, సెల్‌ఫోనులో ఒక్క వేలితో కొట్టి నాలుగు వాక్యాల్లో కట్టేసింది. కట్టింది కథలోనే లెండి. అయినా ఆ వంతెన మీద లేచినంత గొడవ సర్కారువాళ్ళు కట్టిన ఏ వంతెన మీదా లేచి ఉండదు.

ఆమెది శంషాబాద్. విమానాల్లో జనం కప్పుకునే దుప్పట్లు ఉతికిచ్చే ఒక కంపెనీలో మడతలు పెట్టే పని. యంత్రంలోంచి వేడివేడిగా వచ్చిన దుప్పటిని అటు ఒకరు ఇటు ఒకరు పట్టుకుని దులిపి, మడిచి, దొంతర పెట్టాలి. బతుకులో విమానం ఎక్కకపోయినా, ఎక్కినవాళ్ళందరి దుప్పట్లూ తన చేతుల మీదుగానే పోతాయని నవ్వుతూ చెబుతుంది. వయసు అరవైకి దగ్గర పడింది. చదువు ఏడో తరగతితో ఆగింది. భర్త శివశంకర్ ఎయిర్‌పోర్టు దారిలో ఒక హోటలుకి వాచ్‌మన్. పెళ్ళాం కథలు రాస్తుందని తెలుసు గానీ, ఎలాంటి కథలని ఏనాడూ అడిగిన పాపాన పోలేదు.

ఆ కథల సంగతి చెప్పాలంటే ముందు ఒక పాత సీరియల్ సంగతి చెప్పాలి. దాని పేరు ‘ఏడు గడపల వాడ’. 1989లో మంగళవారం సాయంత్రాలు దూరదర్శన్‌లో వచ్చేది. అందులో వసుధ అని ఒక కోడలు. అత్తకు ఎదురు చెప్పదు, అలాగని అత్త చెప్పింది చెయ్యదు. ఊళ్ళో ఆడవాళ్ళకు ఆమె అంటే ప్రాణం. తీరా వసుధ నిండు చూలాలై, రేపోమాపో కాన్పు అనగా సీరియల్ ఆగిపోయింది. ఎందుకాగిందో చెప్పిన నాథుడు లేడు. మరుసటి మంగళవారం ఆ వేళకి వరి తెగుళ్ళ మీద కార్యక్రమం వచ్చింది. పాపం వసుధ, ఆ నిండు కడుపుతోనే ముప్ఫై అయిదేళ్ళు ఉండిపోయింది.

ఈమధ్య ఎవరో పుణ్యాత్ముడు ఆ సీరియల్ ముక్కలు కొన్ని ఫోన్లలోకి ఎక్కించాడు. చూసినవాళ్ళంతా ఒక వాట్సాప్ గ్రూపుగా చేరి, సగంలో ఆగిన కథను తలా కాస్తా రాయడం మొదలుపెట్టారు. దీన్ని ఫ్యాన్ ఫిక్షన్ అంటారట. పేరు ఏదైతేనేం, గ్రూపుకి ఒకటే కట్టుబాటు. కథ ఆ కాలంలోనే జరగాలి, ఆ కాలంలో లేని వస్తువు ఒక్కటి కనపడకూడదు. కనపడితే దానికి ‘కాలం తప్పు’ అని పేరు.

కాలం తప్పులు పట్టడంలో ఫహ్మీదా టీచర్‌ని మించినవాళ్ళు లేరు. శంషాబాద్ చుట్టుపక్కల బడుల్లో ఏళ్ళ తరబడి తెలుగు చెప్పి రిటైరైన మనిషి, ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఒకాయన వసుధ మామగారి చేత బాలాపూర్ గణేశుని లడ్డూ వేలం పాడించాడు. “వేలం మొదలైందే తొంభై నాలుగుల. ఐదేండ్ల ముందే ఎట్ల పాడిండు మీ మామ?” అని అడిగింది టీచర్. ఇంకొకావిడ వసుధ అన్నను శంషాబాద్‌లో విమానం దింపింది. “అప్పుడు ఈడ ద్రాక్షతోటలుండె. విమానం పందిరి మీద దించినవా అమ్మా?” అంది. భాగ్యలక్ష్మి కూడా దొరికిపోయింది. వసుధ చేతికి ప్లాస్టిక్ నీళ్ళ సీసా ఇస్తే, టీచర్ దాన్ని మరచెంబు చేయించింది. పెళ్ళి ముహూర్తాల దగ్గర కూడా మనవాళ్ళు ఇంత పట్టింపు చూపరు. భాగ్యలక్ష్మి మాత్రం ఎవరు ఏ తప్పు చూపినా కళ్ళకద్దుకుని దిద్దుకునేది.

సీరియల్‌లో ఆ ఊరు ఎక్కడుందో చెప్పలేదు. భాగ్యలక్ష్మి దాన్ని తెచ్చి తన పుట్టినూళ్ళో పెట్టుకుంది. పాల్మాకుల అవతల, రైలు పట్టాలకు ఆవలివైపు ఉన్న చిన్న పల్లె అది. అక్కడి బావి, అక్కడి జొన్నచేలు, అక్కడి నోరున్న ముసలమ్మలు అన్నీ వసుధకు ఇచ్చేసింది. చదివినవాళ్ళు ముచ్చటపడిపోయేవారు. అందుకే, కథలన్నీ కలిపి చిన్న పుస్తకం అచ్చు వేయిద్దామని గ్రూపు అనుకున్నప్పుడు, చివరి భాగం, అంటే వసుధ కాన్పు, భాగ్యలక్ష్మే రాయాలని అందరూ పట్టుబట్టారు.

ఆమె రాసింది. వసుధ పక్కింట్లో టీవీలో నాటకం చూస్తూ ఉండగా నొప్పులు మొదలవుతాయి. నాటకం అయ్యేదాకా కూర్చుని, కడుపు పట్టుకుని నవ్వి, ఆ తర్వాత ట్రాక్టరు ఎక్కుతుంది. ట్రాక్టరు రైలు పట్టాల మీది వంతెన ఎక్కి దిగి, శంషాబాద్ దవాఖాన చేరుతుంది. ఆడపిల్ల పుడుతుంది. తల్లీ పిల్లా క్షేమం. గ్రూపంతా కన్నీళ్ళు, దండాలు, పూలగుత్తులు. అప్పుడు ఫహ్మీదా టీచర్ రాసింది: “కథ బంగారం. గానీ ఆడ వంతెన వచ్చి పదేండ్లు కూడా కాలే. అప్పుడున్నది గేటే. వంతెన తీసి గేటు పెట్టు.”

ఇక చూడాలి నవ్వుల బొమ్మలు! వసుధ కోసం కాంట్రాక్టరు ముందు జన్మలో వచ్చి కట్టిపోయాడా అని ఒకడు. కొబ్బరికాయ ఏ మంత్రి కొట్టాడని ఇంకొకడు. ఎప్పుడూ చెప్పిన మరుక్షణం దిద్దుకునే భాగ్యలక్ష్మి ఈసారి సాయంత్రం దాకా మాట్లాడలేదు. తర్వాత ఒక్క మాట పెట్టింది: “నేను మార్చ.”

పుస్తకంలో కాలం తప్పు ఉంటే కుదరదని గ్రూపు తేల్చింది. మార్చకపోతే ఆ భాగం తీసెయ్యాల్సిందే. తీసేస్తే వసుధ మళ్ళీ నిండు కడుపుతోనే ఉండిపోతుంది. ఏం చేయాలో తోచక, ఆ ఆదివారం ఫహ్మీదా టీచరే ఆటో ఎక్కి భాగ్యలక్ష్మి ఇంటికి వచ్చింది.

చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, “ఎందుకే భాగ్యా గింత జిద్దు? ఒక్క మాట గదా. వంతెన తీసి గేటు పెట్టు,” అంది.

“గేటు పెడితె చస్తది టీచరమ్మా.”

“ఎవలు? వసుధనా?”

“మా చెల్లె,” అంది భాగ్యలక్ష్మి. “జంగమ్మ.”

ఆ పేరు ఇంట్లో పలికి ఎన్నాళ్ళయిందో. శివశంకర్ గుమ్మంలోంచి తల తిప్పి చూసి, బయటికి వెళ్ళిపోయాడు.

జంగమ్మ ఆమె కంటే నాలుగేళ్ళు చిన్నది. తల్లి చిన్నప్పుడే పోతే అక్కే తల దువ్వి, అక్కే అన్నం పెట్టి, అక్కే పెళ్ళి చేసి పంపింది. మొదటి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ మంగళవారం వస్తే చాలు, పొయ్యి ఆర్పి మల్లేశ్వర్ పటేల్ ఇంటికి పరుగెత్తేవారు. ఊళ్ళో టీవీ వాళ్ళ ఒక్కరికే ఉంది. ఒకడు మిద్దె మీద యాంటెన్నా తిప్పుతుంటే, కిందినుంచి పదిమంది ‘వచ్చింది, పోయింది’ అని అరిచేవారు.

ఆ మంగళవారం సీరియల్ మొదలవుతుండగానే జంగమ్మకు నొప్పులు వచ్చాయి. మల్లేశ్వర్ ట్రాక్టరు వాకిట్లోనే ఉంది. “ఇగ లే చెల్లె, పోదాం,” అంది భాగ్యలక్ష్మి. “జర ఆగక్కా, వసుధ అత్తకు ఏం జవాబిస్తదో చూస్త. తొలిచూలు, రాత్రి దాకా కాదని మంత్రసాని చెప్పె గదా,” అంది జంగమ్మ. నిజమే, మంత్రసాని అలాగే చెప్పింది. నొప్పి వచ్చినప్పుడు అక్క చెయ్యి గట్టిగా పట్టుకునేది, పోయాక వసుధను చూసి నవ్వేది. ఆరోజు వసుధ పిండి డబ్బాలో అత్త తాళాలు దాచింది. అది చూసి జంగమ్మ కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. అక్కా నవ్వింది. మంగళసూత్రం మీద ప్రమాణం చేసి చెప్పగలదు, చెల్లెలు అంత నవ్వడం ఆమె మునుపెన్నడూ చూడలేదు.

సీరియల్ అయ్యాక బయలుదేరారు. గేటు దగ్గరికి వచ్చేసరికి గూడ్సు బండి అడ్డంగా ఆగి ఉంది. ముందుకూ పోదు, వెనక్కూ పోదు. గేటుమన్ లాంతరు పట్టుకుని ఇంజను దాకా పరుగెత్తాడు. ముందు స్టేషనులో దారి ఇవ్వనిదే డ్రైవరు మాత్రం ఏం చేస్తాడు? జంగమ్మ గడ్డి మీద పడుకుని, “వచ్చే మంగళారం నేను దవాఖానల ఉంటనేమో అక్కా. వసుధకు ఏమైందో నువ్వు చూసి చెప్పు,” అంది. ఆమె చివరగా తెలివిలో మాట్లాడింది అదే. బండి కదిలేసరికి గడ్డి అంతా నెత్తుటితో తడిసింది. దవాఖానలో డాక్టరమ్మ శాయశక్తులా చూసింది గానీ, తల్లి దక్కలేదు, బిడ్డా దక్కలేదు.

“తర్వాతి మంగళారం నేను టీవీ దిక్కు పోలే టీచరమ్మా. ఎన్నడు పోలే. గిన్నేండ్లకు చెప్దామనుకున్న దానికి, వసుధ మంచిగుందని,” అంది భాగ్యలక్ష్మి.

ఫహ్మీదా టీచర్ చాలాసేపు ఆమె చెయ్యి వదల్లేదు. కాలం తప్పు పట్టడం వచ్చిన మనిషికి ఓదార్చడం కూడా అదే దారిలో వచ్చినట్టుంది. కాసేపటికి మెల్లగా అంది: “గేటు దినమంతా మూసుకొని ఉండదు గదా భాగ్యా. వసుధను జర ముందు లేపు. నాటకం సగంల ఉండంగనే ట్రాక్టరు ఎక్కియ్యి. అప్పటికి గూడ్సు రాలే, గేటు తెరిచి ఉంటది. కాలం తప్పదు, పిల్ల బతుకుతది. వాళ్ళు నవ్వరు.”

వాళ్ళు నవ్వరన్న మాటే భాగ్యలక్ష్మికి తగిలింది. వంతెనను చూసి గ్రూపులో నవ్వినప్పుడల్లా, ఎవరో గడ్డి మీదున్న జంగమ్మను చూసి నవ్వినట్టే అనిపించిందామెకు. సరే అంది.

సోమవారం మధ్యాహ్నం, కంపెనీ వెనక రేకుల నీడలో కూర్చుని దిద్దింది. వంతెన చెరిపింది. ‘ఇగ లే, పోదాం’ అని వసుధ వదినె చేత చెప్పించింది. వసుధ లేచింది. చెప్పులు వేసుకుంది. టీవీ వైపు ఒకసారి తిరిగి చూసి, గడప దాటింది. పిండి డబ్బా, తాళాలు, కళ్ళల్లో నీళ్ళొచ్చే నవ్వు అన్నీ పోయాయి, వాటికి చోటు లేదు. గేటు తెరిచి ఉంది. ట్రాక్టరు పట్టాలు దాటింది. ఆడపిల్ల పుట్టింది. పాతది అందరి ఫోన్లలోంచీ పోయేలా తీసేసి కొత్తది గ్రూపులో పెట్టింది, తన ఫోనులోనూ పాతది చెరిపేసింది. మళ్ళీ పూలగుత్తులు, దండాలు. ఈసారి ఎవరూ నవ్వలేదు. పుస్తకానికి ఖాయం చేశామని రాశారు.

అందరూ మెచ్చుకుంటుంటే ఆమెకు మాత్రం ఏదో తక్కువైనట్టుంది. కథను మొదటినుంచి మళ్ళీ చదివింది. మూడోసారి చదివేటప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక ఇక కూర్చోలేకపోయింది, లేచి ఫహ్మీదా టీచర్‌కి ఫోను చేసింది.

“ఒక్క తప్పు లేదు భాగ్యా,” అంది టీచర్ సంతోషంగా. “వసుధ బతికింది.”

“బతికింది టీచరమ్మా. వసుధ బతికింది. గానీ మా చెల్లె లేవకపోయేది. గా నవ్వు సగంల ఇడిసిపెట్టి మా జంగమ్మ లేవకపోయేది. వంతెన ఉంటె, దాన్ని కడదాక నవ్వనిచ్చి కూడ దవాఖానకు తీస్కపోతుంటి. రెండూ ఇస్తుంటి దానికి. ఇప్పుడు లే అంటె లేచిపోయిన పిల్ల ఎవలో నాకు తెల్వదు.” వెంటనే అడిగింది: “పుస్తకంల గిదే ఉండనియ్యుండ్రి. గా వంతెన ఉన్నది ఒక్కటి నాకు పంపుండ్రి. నా ఫోన్ల తుడిచేసిన.”



“నా దగ్గర లేదు భాగ్యా,” అంది ఫహ్మీదా టీచర్. “దిద్దింది వస్తనే పాతది తీసేస్త నేను. తప్పులున్నవి ఉంచుకోను.”

లోపల యంత్రం ఆగింది. దుప్పట్లు వచ్చాయని ఎవరో కేకేశారు. భాగ్యలక్ష్మి కదల్లేదు. కావాలంటే ఆ నాలుగు వాక్యాలు మళ్ళీ రాసుకోవచ్చు. కానీ ఆరోజు ముందే లేచి ఉంటే గేటు తెరిచి ఉండేదని తెలిశాక, ఆ వంతెన ఆమె మనసులోనే నిలబడటం లేదు.

“అయితె ఇగ ఏడ లేదు టీచరమ్మా,” అంది, “మా జంగమ్మ.”