మిషను మీద జారిన బొటనవేలు

తుఫానుకు కూడా మూతపడని మా ఊరి రేషన్ షాపును ఒక్క కొబ్బరి చిప్పతో మూయించిన ఘనత నాది. మోపిదేవి చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు. కాస్త కలిపి మరీ చెబుతారు. అందుకే జరిగింది జరిగినట్టు నేనే చెప్పేస్తున్నాను, వినండి!

రెండేళ్ళ కిందటి సంగతి. గడువులోగా మిషను మీద వేలిముద్ర పడకపోతే కార్డులోంచి పేరు తీసేస్తామన్నారు. అరవై ఏళ్ళు బూడిదతో అంట్లు తోమిన వేళ్ళు నావి. గీతలేం మిగులుతాయి? మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ బొటనవేలు పెట్టాను, మూడుసార్లూ మిషను నన్నెరగనంది. నన్ను చూస్తే ఊళ్ళో కుక్కలు కూడా పక్కకు తప్పుకుంటాయి. అరచేతంత డబ్బాకు నేనెవరో తెలియదట!

"చేతులు మెత్తబడితే పడుద్దేమోనండి మామ్మగారూ. ఏదన్నా రాసి చూడండి. ఎల్లుండే ఆఖరు" అన్నాడు డీలరు రాంబాబు.

గుడివాడలో చదువుతున్న మనవరాలు లాస్యకు ఫోను చేసి, చేతులకు ఏం కొని రాయాలో అడిగాను.

"కొనక్కర్లేదు అమ్మమ్మా, ఇంట్లోనే చేసుకోవచ్చు" అంది. ఆ మాటకే నాకు ప్రాణం లేచొచ్చింది! "కొబ్బరినూనె, తేనెమైనం కరిగించి, చల్లారేటప్పుడు లావెండర్ నూనె నాలుగు చుక్కలు వెయ్యి. షాపుకెళ్ళే ముందు మాత్రం సబ్బుతో కడుక్కో."

రాసింది కడిగేసేదానికి రాయడం ఎందుకు? చదువుకున్న పిల్లల మాటలు ఇలాగే ఉంటాయి.

కొబ్బరినూనె ఇంట్లోదే. తేనెమైనం దేనికి, తుఫానప్పుడు వెలిగించిన కొవ్వొత్తుల మొదళ్ళు డబ్బాడు దాచి ఉంచితే? లావెండర్ బదులు జలుబుకు తెచ్చిన నీలగిరి తైలం ఉంది. నాలుగు చుక్కలు వేస్తే మిగతాది వృథాగా ఆవిరైపోదూ? సీసా మొత్తం బోర్లించేశాను! కొబ్బరి చిప్పలో పోస్తే వెన్నముద్దలా పేరుకుంది. ఆ ఘాటుకు పెరట్లో కోళ్ళు గోడెక్కి కూర్చున్నాయి.

ఆఖరు రోజు పొద్దున్నే దట్టంగా పట్టించాను. ఎడమ చేతి చిటికెన వేలిని మాత్రం వదిలేశాను. పుట్టి బుద్ధెరిగి ఒక్క గిన్నె తోమని వేలు, దానికి కూడా దండగెందుకు? చిప్ప పట్టుకుని షాపుకు బయల్దేరాను.

వరసలో అప్పటికే డజను మంది ఆడవాళ్ళున్నారు.

"ఏం వాసనండీ మామ్మగారూ! నా చేతులు చూడండి, ఉప్పుకాగితంలా ఉన్నాయి" అంది పక్కింటి సుగుణ.

"రాసుకోవే. అందరూ రాసుకోండి!"

"మామ్మగారు ఊరికే ఇస్తున్నారంటే ఇవాళ ఊళ్ళో ఏదో జరుగుద్దర్రా" అంటూనే ముందు చెయ్యి పెట్టింది మస్తానమ్మ.

పెద్దదాన్నని అందరూ నన్నే ముందుకు పంపారు. బొటనవేలు ఆనించానో లేదో సర్రున జారింది.

"వేలు పెట్టమంటే జారుడుబల్ల ఆడతారేంటండీ?" అన్నాడు రాంబాబు.

నా వెనక సుగుణదీ జారింది. మస్తానమ్మదీ జారింది. నలుగురయ్యేసరికి అద్దం మీద తెల్లటి పొర! రాంబాబు తువ్వాలుతో తుడిస్తే మిషనంతా పాకింది.

"పోనీ కంటిపాపతో కానిద్దాం. కళ్ళు పెద్దవి చేయండి!"

ఎక్కడి కళ్ళు బాబూ! అప్పటికే అందరూ అవే చేతులతో చెమట తుడుచుకున్నారు. డజను మందికీ కళ్ళు ఎర్రబడి ధారలు కారుతున్నాయి. బస్సు దిగిన పెద్దాయన ఒకరు పరుగున వచ్చారు.

"ఎవరండీ పోయింది?"

"నా మిషనండీ!" అని రాంబాబు షట్టరు లాగేశాడు.

పేరు పోయేది నా ఒక్కదానిదే అనుకుంటే, ఇప్పుడు డజను మందిది! అందరినీ బోరింగు దగ్గరకు తోలి, నా సొంత సబ్బు తెచ్చి, అరిగిపోతున్నా నోరెత్తకుండా చేతులు కడిగించాను. రాంబాబు దూదితో మిషను తుడిచి సాయంత్రానికి మళ్ళీ షట్టరెత్తాడు. ఒక్కొక్కరిదీ టింగుమని పడింది. నావి మాత్రం తొమ్మిది వేళ్ళూ పెట్టినా పడలేదు.

"ఇంకేమన్నా మిగిలిందా మామ్మగారూ? టైమైపోతోంది!"

ఎడమ చిటికెన వేలు పెట్టాను.

టింగ్!

"పడింది!" అని అందరూ ఒక్కసారే అరిచారు. నేనైతే చిన్నపిల్లలా గెంతాను. అప్పుడే సుగుణ నా వేలు పట్టుకుని వాసన చూసింది.

"దీనికి రాయలేదా మీరు?"

"దండగని వదిలేశానే."

"అంటే, మొన్ననే ఈ వేలు పెట్టుంటే సరిపోయేదన్నమాట!"

డజను జతల ఎర్రటి కళ్ళు నావైపు తిరిగాయి.

చిప్పలో మిగిలినది పారేయలేదు, తలుపు బందులకు రాశాను. కిర్రుమనడం మానేశాయి. ఇక మోపిదేవి స్వామి సాక్షిగా, అదే చిటికెన వేలు పైకెత్తి ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మళ్ళీ ఎవరికీ ఏదీ ఊరికే ఇవ్వను!