చావు కబుర్లు తెలుగులో చెప్పాల్సి వచ్చిన మా తమ్ముడు

నిన్న పొద్దున ఆఫీస్‌కి బయల్దేరుతుంటే బాబాయ్ ఫోన్.

"అమ్మా, వంశీ లేడు" అన్నారు.

నాకు ఎక్కలేదు. "డ్యూటీకి వెళ్ళాడేమో, స్టేషన్‌కి ఫోన్ చేశారా?" అని అడిగాను.

ఆయన ఏడ్చేశారు.

అప్పుడు అర్థమైంది.

వంశీ మా పిన్ని కొడుకు. ఇక్కడే అమెరికాలో, మా ట్రాయ్ ఊళ్ళోనే పుట్టి పెరిగాడు. పక్క ఊళ్ళో పోలీస్ ఆఫీసర్. యూనిఫామ్ వేసుకుని డ్యూటీకి బయల్దేరుతూ గరాజ్‌లో కూలిపోయాడు. హార్ట్ ఎటాక్. నలభై కూడా లేవు వాడికి.

ఇంజనీరింగ్ వద్దు, పోలీస్ అవుతానంటే అప్పట్లో ఇంట్లో పెద్ద గొడవ. తర్వాత మనవాళ్ళందరికీ వాడే దిక్కు. ప్రతి ఫాల్‌లో, కాలేజీలు తెరిచేటప్పుడు, ఇండియా నుంచి కొత్తగా వచ్చిన స్టూడెంట్స్‌ని కూర్చోబెట్టి చెప్పేవాడు, పోలీస్ ఆపితే కారు దిగొద్దు, చేతులు స్టీరింగ్ మీద ఉంచండి అని. వాడి అమెరికన్ తెలుగుకి పిల్లలు నవ్వేవాళ్ళు. వాడూ నవ్వేవాడు.

చివరికి ఆ తెలుగే వాడి మీద పడింది.

ఒక వింటర్‌లో ఐస్ మీద కారు జారి ఒక తెలుగబ్బాయి పోయాడు. మాస్టర్స్ ఇంకా పూర్తి కాలేదు. ఇండియాలో అమ్మానాన్నలకి ఇంగ్లీష్ రాదు. సార్జెంట్ వంశీని పిలిచి, ఫోన్ చేసి నువ్వే చెప్పాలి అన్నాడు.

వాడు పార్కింగ్ లాట్‌లోంచి నాకు ఫోన్ చేశాడు.

"అక్కా, ట్రైనింగ్‌లో మాకు చెప్పారు. తిప్పి తిప్పి చెప్పకూడదు, డెడ్ అనే వర్డే వాడాలి, లేకపోతే ఫ్యామిలీ హోప్ పెట్టుకుంటారు అని. తెలుగులో ఏమనాలి? నాకు చచ్చిపోయాడు ఒక్కటే వచ్చు. అది బ్యాడ్ కదా?"

"చనిపోయాడు అను" అన్నాను.

ఆ మాట మెల్లగా పలికి చూసుకుని ఫోన్ పెట్టేశాడు.

ఆ తల్లి నమ్మలేదట. "నువ్వు తెలుగోడివే కదా బాబూ, ఇంకోసారి సరిగ్గా చూడు నాయనా. మావాడు నిద్రపోతే అలాగే ఉంటాడు" అని బతిమాలిందట. వాడు మళ్ళీ మళ్ళీ అదే మాట చెప్పాల్సి వచ్చింది.

తర్వాత చుట్టుపక్కల డిపార్ట్‌మెంట్లు కూడా వాడినే అడగడం మొదలుపెట్టాయి. యాక్సిడెంట్లు. లేక్‌లో మునిగిన పిల్లలు.

ఎందుకురా ఒప్పుకుంటావంటే, "నేను చెప్పకపోతే ఎవరో వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేస్తారు అక్కా, అలా తెలుస్తుంది వాళ్ళకి" అనేవాడు.

కొందరు తల్లిదండ్రులు నెలల తర్వాత కూడా వాడికే ఫోన్ చేసేవాళ్ళు. మావాడు చివర్లో ఏమన్నా అన్నాడా బాబూ అని. అన్నం ముందు కూర్చున్నా లేచి వెళ్ళి మాట్లాడేవాడు. తిరిగొచ్చి తినేవాడు కాదు.

నిద్ర పట్టడం మానేసింది. బీపీ వచ్చింది. ఇంట్లో తన పిల్లల మీద అరవడం మొదలుపెట్టాడు, ఆ తర్వాత అసలు మాట్లాడటమే తగ్గించేశాడు.

ఒకసారి డిపార్ట్‌మెంట్ కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళాడు. ఆ వారమే స్టేషన్‌లో అందరికీ తెలిసిపోయింది. తన గన్ వెనక్కి తీసేసుకుని డెస్క్ పనిలో కూర్చోబెడతారని భయపడి మానేశాడు.

వాడి భార్య దివ్య డాక్టర్ అపాయింట్‌మెంట్ బుక్ చేసింది. స్టాఫ్ లేరని ఆ రోజు కూడా షిఫ్ట్ వేశారు. క్యాన్సిల్ చేశాడు. పోయిన నెల ఛాతీ పట్టేసినట్టుందని అంటూనే, బుల్లెట్‌ప్రూఫ్ వెస్ట్ బరువు వల్లలే అని కొట్టిపారేశాడు.

నిన్న మధ్యాహ్నం సార్జెంట్ ఇంటికి వచ్చాడు. పిన్ని ముందు టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. మేం వంశీ మీద మరీ ఎక్కువ భారం వేశాం అన్నాడు.

పిన్ని ఆయన మొహంలోకి చూసింది.

"యెస్. యూ డిడ్."

అంతే అని లోపలికి వెళ్ళిపోయింది.

మన సర్కిల్‌లో పోలీస్, ఫైర్, ఆంబులెన్స్ ఉద్యోగాల్లో పిల్లలు ఇంకా ఉన్నారు. పనేమీ లేకపోయినా ఫోన్ చేయండి. తిన్నావా, పడుకున్నావా అని అడగండి. బానే ఉన్నాను అంటే అక్కడితో వదిలేయకండి.

దివ్యని చూడ్డానికి వచ్చేవాళ్ళు ఎలా జరిగిందని మాత్రం అడగొద్దు, ప్లీజ్.

వెళ్ళిరా తమ్ముడూ. ఇన్నాళ్ళూ ఇక్కడ దొరకని నెమ్మది అక్కడైనా నీకు దొరకాలి.