వెనక ఏమీ లేని చీటీ

చీటీ చేతికి రాగానే అమోసు ముందు దాన్ని తిరగేస్తాడు. ప్రశ్న చదవడు. వెనకవైపు చూస్తాడు. ఎవరు అడిగినా, ఎప్పుడు అడిగినా అంతే.

వెనకవైపు ఏదో ఒకటి ఉంటుంది. సూపర్‌మార్కెట్ బిల్లు, బస్సు టికెట్, మందుల షాపు రసీదు, క్యాలెండర్ నుంచి చింపిన ముక్క. ప్రశ్న రాసే చీటీలో పేరు రాయకూడదని చర్చి సంఘం పెట్టుకున్న నియమం. పేరు లేకపోయినా వెనకవైపు కొంత చెబుతుంది. పసిపిల్లల పాలపొడి బిల్లయితే కొత్తగా తల్లయిన మనిషి. బర్కా బస్సు టికెట్టయితే ఖర్జూరం తోటల్లో పనిచేసే కుర్రాడు. ఆ మనిషిని ఊహించుకున్నాకే అమోసు కళ్ళద్దాలు సర్దుకుని ప్రశ్న చదువుతాడు.

అమోసుది మొగల్తూరు దగ్గర పల్లె. తండ్రి ఊరి చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశి. మస్కట్ వచ్చి పందొమ్మిదేళ్ళయింది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ సామాన్లు శుద్ధి చేసే గదిలో పని. కత్తెరలూ, పట్టకార్లూ కడిగి, గుడ్డలో చుట్టి, టేపు అంటించి, ఆవిరి మిషన్‌లో పెడతాడు. బయటికొచ్చాక టేపు మీద చారలు నల్లబడాలి. ఒక్క మూటకి నల్లబడకపోయినా మొత్తం వెనక్కి పంపిస్తాడు. శుద్ధి అయిందని ఎవరైనా నోటితో చెబితే నమ్మడు. చార చూడాలి.

ఆ చూపుతోనే సెలవు రోజైన శుక్రవారం రువి పేటలో ఆరాధనకి వెళ్తాడు. ప్రార్థనాలయాల ఆవరణలో తెలుగువాళ్ళకి పొద్దున రెండు గంటలు ఒక హాలు ఇస్తారు. ఆరాధన అయ్యాక బిస్కెట్ డబ్బాలోంచి మూడు చీటీలు తీసి జవాబు చెప్పడం ఎనిమిదేళ్ళుగా అతని పని. వాక్యం తెలిసినవాళ్ళు ఇంకా ఉన్నారు. సూటిగా చెప్పేది అతనొక్కడే.

కొబ్బరికాయ కొట్టిన కొత్త టాక్సీ ఎక్కొచ్చా అని ఒకరు అడిగారు. “ఎక్కు. మొక్కకు,” అన్నాడు. యేసు ప్రభువు పటం గోడకి తగిలించడం విగ్రహారాధనా అని ఇంకొకరు. “తగిలించుకో. దానికి దణ్ణం పెట్టాలనిపించిన రోజు దించెయ్యి.” కంపెనీలో పంచిన వినాయక చవితి లడ్డూ గురించి మరొకరు. “పౌలు కొరింథువాళ్ళకి విగ్రహాలకి పెట్టిన మాంసం గురించి రాసిందే లడ్డూకి కూడా. తినొచ్చు. నువ్వు తినడం చూసి పక్కనున్న బలహీనుడు తడబడితే మాత్రం వద్దు. నోటికి తీపి నీకు, కాలికి రాయి వాడికి.”

ఇలాంటివి రూముల్లో వారమంతా చెప్పుకునేవాళ్ళు. అమోసన్న చెప్పాడంటే ఇక వాదన లేదు. సంఘ కమిటీ కూడా ఆ మాట మీదే నడిచేది.

కానీ రెండేళ్ళ కిందట ఒక చీటీ వచ్చింది. పెళ్ళాంతో మాటల్లేనివాడు సంఘంలో పాటలు పాడించొచ్చా అని. సమాధానపడ్డాకే పాడించాలి అన్నాడు అమోసు. పాటలు పాడించే మనిషి ఆ వారమే సంఘం మానేశాడు. తర్వాత తెలిసింది. ఆ చీటీ అతని కోసమే తవ్విన గొయ్యి. దాని మీద ఆకులు పరిచింది అమోసు నోరు.

అప్పటినుంచి ప్రతి చీటీ వెనకా ఒక చెయ్యి ఉంటుందనీ, ఆ చెయ్యి ఎవరినో చూపిస్తుంటుందనీ అతని అనుమానం.

ఈ వేసవి మొదట్లో ఒక శుక్రవారం డబ్బాలో ఒక చీటీ దొరికింది. తిరగేశాడు. వెనక ఏమీ లేదు.

తెల్లగా ఉంది. కత్తెరతో నాలుగు వైపులా తిన్నగా కోసి ఉంది. ఎనిమిదేళ్ళలో అలాంటి కాగితం రాలేదు. ముందువైపు గుండ్రటి అక్షరాలు. “ఇంకో మతం మనిషి కట్టిన తాడు ఒంటి మీద ఉన్నవాళ్ళు ప్రభువు బల్లలో పాలు పొందొచ్చా?”

హాల్లో నూటయాభై మంది కూర్చుని ఉన్నారు. అమోసు వాళ్ళని చూశాడు. వాళ్ళు అతన్ని చూశారు.

“ఇది వచ్చే వారం,” అని చీటీ జేబులో పెట్టుకున్నాడు.

బల్ల అంటే ఆ సంఘంలో చిన్న మాట కాదు. నెలకోసారి రొట్టె ముక్కల పళ్ళెం, ద్రాక్షరసం చిన్న గ్లాసుల పళ్ళెం వరసల్లో చేతులు మారుతూ వెళ్తాయి. అర్హత లేదన్నవాళ్ళు ముట్టకుండా పక్కవాళ్ళకి అందించాలి. అందరూ చూస్తుండగా అందించాలి. ఇంటికి దూరంగా బతికేవాళ్ళకి ఆ పళ్ళెం ఒక్కటే సొంత ఊరి కంచం లాంటిది. అది దాటిపోయిందంటే ఇక్కడ ఎవరూ లేనట్టే.

హమ్రియాలో రూముకెళ్ళి అమోసు చీటీని వెలుతురుకి పట్టి చూశాడు. మంచం మీద పడుకుని ఫోను చూసుకుంటున్న కెవిన్ నవ్వాడు. కెవిన్ సంఘంలో కీబోర్డు వాయిస్తాడు. అమోసు రూమ్మేటు.

“ఏంటి అంకుల్, దొంగ నోటా?”

“రాసినోడికి తన జాడ తెలియకూడదని గట్టి పట్టుదల ఉందిరా. వెనక ఏమీ లేదు చూడు.”

“కాగితం వెనక ఏమీ లేకపోతే అది కాగితం అంకుల్.”

“నువ్వు రాశావా?”

“నేనా? మీకు ప్రశ్న వెయ్యడం కన్నా ఎయిర్‌పోర్టులో బెల్టూ బూట్లూ విప్పి నిలబడ్డం నయం.”

అమోసు నవ్వలేదు. కెవిన్ చేతుల వైపు చూశాడు. వాచీ తప్ప ఏమీ లేదు.

ఆ వారమంతా అమోసు చేతులే చూశాడు. బస్సులో, మెస్సులో, లిఫ్టులో. కాలర్ల కింద మెడలు చూశాడు. ఒకవేళ చీటీ వేసింది సంఘం మనిషే కాదేమో అనుకున్నాడు. ఈ దేశం ఆరాధనకి ఒక ఆవరణ ఇచ్చింది. ఆవరణ గోడ దాటి మాట పోకూడదు. ఇంకో మతం తాడు గురించి అమోసు నోట ఒక తప్పు మాట రప్పించి, దాన్ని ఫోనులో పట్టుకుని తిరిగేవాడు ఉంటే? పందొమ్మిదేళ్ళ ఉద్యోగం ఒక్క రోజులో పోతుంది.

బుధవారం జవాబు దొరికిందనుకున్నాడు.

సామాన్లు ఇచ్చే కిటికీ దగ్గరికి మేరీకుమారి వచ్చింది. అమలాపురం వైపు అమ్మాయి, ఆపరేషన్ థియేటర్ నర్సు, సంఘంలో మనిషి. పై అరలోని ట్రే కోసం చెయ్యెత్తింది. యూనిఫాం చెయ్యి పైకి జరిగింది. మోచేతికి పైన ఆకుపచ్చ తాడు, దర్గాల్లో కట్టేలాంటిది.

అమోసు ట్రే ఇచ్చాడు. సంతకం పెట్టించుకున్నాడు.

కిటికీ మూశాక లెక్క తేల్చుకున్నాడు. స్త్రీల ప్రార్థన కూడిక నడిపే పని నాలుగేళ్ళుగా ఫేబా చేస్తోంది. వచ్చే నెల నుంచి ఆ పని మేరీకుమారికి ఇద్దామని కమిటీ అనుకుంటోంది. ఫేబా, మేరీకుమారి నర్సుల హాస్టల్లో ఒకే రూము. ఒకే రూములో ఉన్నవాళ్ళకి తప్ప ఆ తాడు ఎవరికి కనిపిస్తుంది? మళ్ళీ గొయ్యి తవ్వారు. మళ్ళీ నా చేతే ఆకులు పరిపిస్తున్నారు.

ఇంతవరకూ ఆలోచించినవాడు మేరీకుమారినే పిలిచి అడగొచ్చు. అడగలేదు. రావచ్చు అని చెబితే, తన ఆసుపత్రి నర్సుని వెనకేసుకొచ్చాడంటారు. ఆ మాట చెవిన పడినట్టే ఉంది అతనికి. గొయ్యి తవ్వినవాళ్ళకి తన వేలు కూడా అందకూడదనుకున్నాడు.

శుక్రవారం చీటీ చదివి, జవాబు చెప్పాడు.

“తాడు తీసేసి రావాలి. తియ్యలేనివాళ్ళు పళ్ళెం పక్కకి అందించాలి.”

ఇంకేం వివరించలేదు. ఫేబా వైపు చూశాడు. ఆమె తల దించుకుని ఉంది. దొరికిందనుకున్నాడు.

ఆ తర్వాతి శుక్రవారం బల్ల. పళ్ళెం ఆడవాళ్ళ మూడో వరసలోకి వచ్చింది. మేరీకుమారి రెండు చేతులతో తీసుకుంది. కాసేపు పట్టుకుంది. పక్కనున్న ఫేబాకి అందించింది.

హాల్లో కెవిన్ వాయిస్తున్న పాట ఒక్కటే వినిపిస్తోంది.

ఫేబా పళ్ళెం తీసుకుంది. ఆమె కూడా ముట్టలేదు. పక్కావిడకి ఇచ్చేసి, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అమోసుకి అర్థం కాలేదు. అర్థం కానిది అతనికి భయం.

ఆరాధన అయ్యాక ఆవరణలో వేపచెట్టు నీడన ఫేబాని ఆపాడు.

“నువ్వెందుకు అందించావమ్మా? నీ ఒంటి మీద తాడు లేదుగా.”

“లేదండీ.”

“మరి?”

“తను తినలేనిది తన పక్కన కూర్చుని నేనెలా తింటానన్నా. మీకు జవాబు చెప్పడం వచ్చు గానీ, ఒక రూములో కలిసి బతకడం గురించి మీకేం తెలుసు?”

“చీటీ వేసింది నువ్వు కాదా?”

ఫేబా అతన్ని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. “మీరు నా గురించి ఇన్ని రోజులూ అదే అనుకుంటున్నారా?” అని బస్సు వైపు వెళ్ళిపోయింది.

మేరీకుమారి అక్కడే నిలబడి ఉంది.

“చీటీ నేనే వేశానన్నా,” అంది.

“నువ్వా?”

“నాకే కదా కావలసింది.”

అమోసుకి ముందు నోటికొచ్చిన ప్రశ్న ఇది. “మరి వెనక ఏమీ లేదే? అందరూ బిల్లుల మీద రాస్తారు.”

“ప్రభువు బల్ల గురించి అడుగుతూ చేపల కొట్టు బిల్లు మీద రాయబుద్ధి కాలేదండీ. తెల్ల కాగితం కోసుకున్నాను.”

ఎండ ఎక్కువగా ఉంది. ఇద్దరూ నీడలోకి జరిగారు. ఆమె మెల్లగా చెప్పింది.

హమ్రియాలో నర్సులకి యూనిఫాంలు కుట్టే మొయినుద్దీన్ భార్య సర్వరీ బేగం. కడప మనిషి. కొలతలకి వెళ్ళినప్పుడు పరిచయం. మేరీకుమారికి పిత్తాశయంలో రాళ్ళు పడి ఆపరేషన్ అన్నప్పుడు ఫేబా సెలవులో ఊళ్ళో ఉంది. మనిషిని వెంట తెచ్చుకోమన్నారు. తెచ్చుకోవడానికి ఎవరూ లేరు. సర్వరీ బేగం తెల్లారే టిఫిన్ క్యారియర్‌తో వచ్చి కూర్చుంది. తమ ఊరి దర్గా నుంచి తెచ్చుకున్న తాడు చేతికి కట్టింది.

“ఆపరేషన్ చేయించుకునే మనిషిని తాడుతో లోపలికి పోనివ్వరు కదన్నా. విప్పి ఆవిడ చేతిలో పెట్టాను. నాకు తెలివొచ్చేసరికి అదే కుర్చీలో, తాడు గుప్పిట్లో పెట్టుకుని ఉంది. సాయంత్రం మళ్ళీ కట్టింది. కట్టి, ‘ఏం బిడ్డా, నొప్పి తగ్గిందా?’ అంది. మా అమ్మ పోయాక నన్ను బిడ్డా అన్నవాళ్ళు లేరు.”

“తాడు కాపాడిందని నమ్ముతున్నావా?”

“లేదండీ. డాక్టరు చేతితో కాపాడింది ప్రభువని నమ్ముతున్నాను. కానీ షాపుకెళ్ళిన ప్రతిసారీ ఆవిడ నా చెయ్యి తడిమి చూస్తుంది. తీసేస్తే ఆవిడకేం చెప్పాలి? అది మీరు చెబుతారని అడిగాను. తియ్యి అన్నారు. తియ్యబోయాను. చెయ్యి రాలేదు. ఈ ఊళ్ళో నాకు ఉన్నవి రెండేనన్నా. ఈ బల్ల, ఆవిడ. రెండిట్లో ఒకటి పారెయ్యమన్నారు మీరు.”

బస్సు హారన్ కొట్టింది. ఆమె వెళ్ళిపోయింది.

మర్నాడు శనివారం. శుక్రవారం డ్యూటీలో ఉండి బల్లకి రాలేకపోయినవాళ్ళకి మర్నాటి పొద్దున రొట్టె, రసం అందించడం ఆ సంఘంలో వాడుక. ఆ పెట్టె మోసేదీ అమోసే. ఆరున్నరకి నర్సుల హాస్టల్‌కి వెళ్ళాడు. కింద గదిలో ఇద్దరు నర్సులకి ఇచ్చి, ప్రార్థన చేశాడు. మేరీకుమారిని పిలిపించాడు. ఆమె తడి జుట్టుతో దిగి వచ్చింది. పెట్టెలో ఒక ముక్క, ఒక గ్లాసు మిగిలి ఉన్నాయి.

“తీసుకో అమ్మా,” అన్నాడు.

“తాడు ఉందండీ ఇంకా.”

“ఉండనీ.”

ఆమె అతని మొహంలోకి చూసింది. అతను చీటీల్ని చూసే చూపే అది.

“ఇది కూడా పరీక్షేనా అన్నా?”

“కాదు.”

“అది డ్యూటీలో ఉన్నవాళ్ళకి కదండీ. నేను నిన్న హాల్లోనే ఉన్నాను. అందరి ముందు అందించేశాను. ఇప్పుడు తలుపు వేసుకుని తినలేను.”

అమోసు కుర్చీలో కూర్చున్నాడు. పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాడు. జేబులోంచి ఫోను తీసి సంఘం గ్రూపు తెరిచాడు. ఆమె నిలబడే ఉంది. మాట రికార్డు చేసే గుర్తు మీద వేలు నొక్కి పట్టాడు.

“నేను అమోసుని. తాడు గురించి పోయిన వారం నేను చెప్పిన జవాబు వెనక్కి తీసుకుంటున్నాను. చీటీ రాసిన మనిషికి నేను జవాబు చెప్పలేదు. నేను ఊహించుకున్న శత్రువుకి చెప్పాను. తాడులో బలముందని నమ్మేవాళ్ళు బల్లకి రాకూడదు. కట్టిన మనిషి మనసు కష్టపెట్టలేక ఉంచుకున్నవాళ్ళు రావచ్చు, రావాలి. ఈ రెండిట్లో ఏదో నేను ముందు అడగాలి. అడగలేదు. పక్కనున్న సహోదరి మీద కూడా చెడ్డ అనుమానం పెట్టుకున్నాను. అందుకని వచ్చే నెల బల్లకి పళ్ళెం ముట్టకుండా పక్కకి అందించేది నేను.”

వేలు తీశాడు. మాట వెళ్ళిపోయింది. పైన ఏదో రూములో ఎవరి ఫోనులోనో అతని గొంతు మొదటినుంచీ మొదలైంది. అమోసు లేచి, పెట్టె చంకన పెట్టుకుని, ఏడింటి డ్యూటీకి బయల్దేరాడు.