పాల మీద పరారుణ కిరణం

గోదావరిఖని కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే వామనరావు ఇరవై ఏళ్ళుగా అణువుల మీద పరారుణ కిరణాలు వేసి, అవి ఎలా కంపిస్తాయో పరిశోధిస్తున్నాడు. ఆ సంగతి వివరించడానికి ఆయనకు మాటలు చాలవు. బస్టాండులోనైనా సరే, తల ఆక్సిజన్, పిడికిళ్ళు హైడ్రోజన్ అంటూ చేతులు చాచి ముడిచి నీటి అణువైపోతాడు. కసరత్తు అనుకుని జనం పక్కకు జరుగుతారు. 2007 వేసవిలో ఒకరోజు పొద్దున్నే పక్కింటి ఐలవ్వ, పాలుపోసే సదయ్యను రెక్క పట్టుకుని లాక్కొచ్చి, పాలగిన్నె ఆయన ముందు పెట్టింది.

"సారూ, గీ పాలు మీ మిషిన్ల పెడితే ఏం కనబడ్తదో చెప్పుండ్రి."

వామనరావు కళ్ళజోడు తుడుచుకున్నాడు. అబద్ధం ఆడలేడు, క్లుప్తంగానూ చెప్పలేడు.

"నీళ్ళు తప్ప ఇంకేం కనబడవమ్మా," అని మొదలుపెట్టాడు. ఎంత మంచి పాలలోనైనా నీళ్ళే కిరణాలన్నిటినీ మింగేస్తాయని చెప్పబోతుంటే సదయ్య గొల్లుమన్నాడు.

"అన్యాలం సారూ! నేను కలిపింది సగమే!"

తన మాట తప్పుగా అర్థమైందని వామనరావు వారం రోజులు గడపగడపకూ వెళ్ళి చెప్పాడు. ప్రతి ఇంట్లోనూ ఆయనకు సదయ్య పాలతోనే చిక్కటి చాయ్ పోసి మరీ విన్నారు.