గన్నవరంలో దిగని నా విమానం

ఆ రోజుల్లో పంతొమ్మిదేళ్ళ కుర్రాడికి రెండు విషయాల్లో అనుమానం ఉండేది కాదు. ఒకటి, ఇంట్లో తనంత తెలివైనవాడు ఇంకొకడు లేడని. రెండు, కంప్యూటర్ తయారుచేసిన ఇంజనీర్లకి తనకి తెలిసినంత కూడా తెలియదని. విజయవాడలో మా ఇంటి ముందుగదిలో ఒక కంప్యూటర్ ఉండేది. అమ్మ దానికి తన మంగళగిరి చీర గుడ్డతో, అంచు కూడా వచ్చేలా, ముసుగు కుట్టింది (ఆ అంచు చీర నాకు గుర్తున్నంతలో అమ్మ ఒక్కసారే కట్టింది). నేను పొద్దస్తమానం ఆ ముసుగు తీసి విమానం నడిపే ఆట ఆడుతుండేవాణ్ణి. ఆకాశంలో ఉన్నంతసేపూ విమానం బుద్ధిగానే వెళ్ళేది. గన్నవరం రన్‌వే దగ్గరికొచ్చి, కింద పొలాలూ ఇళ్ళూ కనిపించడం మొదలయ్యేసరికి మాత్రం పెళ్ళి ఆల్బమ్‌లో పేజీలు తిప్పినట్టు ఒక్కో బొమ్మే ఆగి ఆగి వచ్చేది. ఒక బొమ్మలో నేను గాల్లో ఉండేవాణ్ణి, తరవాతి బొమ్మలో పొలంలో.

ఇది ఉత్త ఆట అయితే ఇంత బాధ ఉండేది కాదు. నాకు పైలట్ ట్రైనింగ్‌కి వెళ్ళాలని ఉంది. నాన్న బందరు రూటులో ప్రభుత్వ బస్సు డ్రైవరు. దరఖాస్తు ఫారం ఆయన ముందు పెడితే అటూ ఇటూ తిప్పి చూసి, "ఆదివారం చర్చి నుంచొచ్చాక మీ మావయ్యని కూడా రమ్మంటా. మా ఇద్దరి ముందూ ఆ పెట్టెలో విమానం దింపి చూపించు. కుదుపు లేకుండా దింపావా, సంతకం పెడతా" అన్నారు. మావయ్యకి హనుమాన్ జంక్షన్‌లో లారీలు బాగుచేసే షెడ్డు ఉంది. అంటే నా భవిష్యత్తు ఇద్దరు డీజిల్ మనుషుల చేతిలో పడిందన్నమాట.

వన్ టౌన్‌లో కంప్యూటర్లు బిగించే స్నేహితుడొకడు ఉండేవాడు. ఏ యంత్రం కనబడ్డా విప్పందే నిద్రపోడు కాబట్టి వాణ్ణి అందరం 'సర్జన్' అనేవాళ్ళం. వాడే నాకు ఓవర్‌క్లాకింగ్ ఉపదేశించాడు. అంటే ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో పరిగెత్తించడం. "కొంచెం కొంచెంగా పెంచరా. పెంచిన ప్రతిసారీ గంటసేపు నడిపి వేడి చూసుకో. ఎండాకాలం, గుర్తుపెట్టుకో" అని మరీ మరీ చెప్పాడు. నేను మొదటి సగమే విన్నాను.

నాన్నకి విషయం చెబితే అన్నం కలుపుతున్న చెయ్యి ఆపారు. "మా బస్సుకి వేగం దాటకుండా సీలేశారు. అది తీసెయ్యడం రాక నడుపుతున్నాననుకున్నావేంట్రా?"

"బస్సు వేరు, కంప్యూటర్ వేరు నాన్నా. మీకు తెలీదు" అన్నాను. (ఈ వాక్యం ఇప్పుడు నాకు నా కూతురు రోజుకోసారి వినిపిస్తుంది.)

శనివారం మధ్యాహ్నం ఆ కొంచెం కొంచెం అంతా ఒకేసారి పెంచేశాను. పది నిమిషాలు నడిచి టప్పున ఆరిపోయింది. మే నెల బెజవాడ. గోడలే కాలుతున్నాయి, పాపం ప్రాసెసర్ ఏం చేస్తుంది? కంప్యూటర్ పక్క రేకు విప్పేసి, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కూలర్‌ని తెచ్చి దానికి ఎదురుగా పెట్టాను. అద్భుతం! తెర మూల వేగం చూపించే అంకె రెట్టింపయింది. విమానం వెన్నలా దిగింది. ఆ సాయంత్రం నేను చూసింది విమానాన్ని కాదు, ఆ అంకెనే.

ఆదివారం వచ్చింది. నాన్న, మావయ్య ఉతికిన తెల్లచొక్కాలతో కుర్చీల్లో కూర్చున్నారు. నేను నూట ఎనభైమందిని ఎక్కించుకుని బయల్దేరాను. విమానం హాయిగా సాగుతోంది. మావయ్య మాత్రం నిలువునా చెమటలు కక్కుతున్నాడు.

"అల్లుడూ, ఆ కూలర్ పెట్టె వైపు తిప్పావేందయ్యా? మేం మనుషులం కామా?"

"ఒక్క ఐదు నిమిషాలు ఓర్చుకో మావయ్యా, దిగిపోతున్నా" అన్నాను తల తిప్పకుండా.

రన్‌వే ఎదురుగా కనిపిస్తోంది. సరిగ్గా అప్పుడే అమ్మ మజ్జిగ గ్లాసులతో వచ్చింది. కృష్ణా జిల్లాలో ఇంటికొచ్చిన అన్నయ్య చెమటలు కక్కుతుంటే ఇనప్పెట్టెకి గాలి విసిరే ఆడపడుచు ఇంతవరకు పుట్టలేదు. "అయ్యో అన్నయ్యా, తడిసిపోయావు గదా! వీడికి బుద్ధి లేదు" అంటూ కూలర్‌ని మావయ్య వైపు తిప్పేసింది. నాకు వెనక ఏం జరిగిందో తెలియదు. రెండు వందల అడుగుల ఎత్తులో తెర నల్లబడింది.

మావయ్య చల్లగా అడిగాడు: "దిగిందా?"

"లేదు బావా" అన్నారు నాన్న. తరవాత నా వైపు తిరిగారు. "లోపల ఎంతమందున్నారు?"

"నూట ఎనభై."

"బండి వేడెక్కుతోందని నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"తెలిసే ఎక్కించావా?"

అది ఆట నాన్నా, అందామనుకున్నాను. కానీ పాతికేళ్ళుగా పొద్దున్నే టైర్లు తట్టి చూసి, నీళ్ళు చూసి, ఆ తరవాతే జనాన్ని ఎక్కించుకునే మనిషి ముందు నిజంగా సిగ్గేసింది.

ఆయన తిట్టలేదు. "వేగం మామూలుగా పెట్టుకో. కుదిపినా ఫర్వాలేదు, చేర్చు చాలు. వచ్చే ఆదివారం చూస్తా. ఫారం ఇక్కడే ఉంటుంది" అని దాన్ని కీబోర్డు కింద పెట్టారు.

నేనేం చేశాననుకున్నారు? ఆ వారమంతా వన్ టౌన్‌లో ఇంకా పెద్ద ఫ్యాన్ కోసం తిరిగాను. ఆ అంకె తగ్గించడానికి మనసొప్పలేదు. ఆదివారం నాన్న కుర్చీ లాక్కుంటే "ఇంకొక్క వారం నాన్నా" అన్నాను. ఆ తరవాతి ఆదివారమూ అదే మాట. ఆయన ప్రతిసారీ కుర్చీ లాక్కున్నారు, ప్రతిసారీ మళ్ళీ గోడకి జరిపేశారు. దరఖాస్తుకి ఆఖరు తేదీ ఎప్పుడు దాటిపోయిందో నేను చూసుకోనే లేదు. చూసుకున్నరోజు కూడా, నిజం చెప్పొద్దూ, ఫ్యాన్ దొరికిందన్న సంతోషంలో ఉన్నాను.

ఇప్పుడు మంగళగిరిలో ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటున్నాను. మొన్న ఆఫీసు పని మీద ఊరెళ్ళి విమానంలో తిరిగొస్తుంటే, గన్నవరం దగ్గర గాలి బాగా కుదిపింది. పక్కాయన దేవుణ్ణి తలుచుకుంటున్నాడు. చక్రాలు నేలకి తగిలి, గట్టిగా ఒక ఎగురు ఎగిరి, మళ్ళీ తగిలి, ఆగాం. మైకులో పైలటమ్మాయి గొంతు, "కొంచెం కుదిపినందుకు క్షమించండి" అంది. నాకంటే పదిహేనేళ్ళయినా చిన్నదై ఉంటుంది. కుదిపినా చేర్చింది. అందరూ సామాన్ల కోసం లేచారు. నేను మాత్రం కాసేపు కూర్చునే ఉన్నాను, ఏ ఆదివారమైనా సరే ఒక్కసారి అలా దింపి ఉంటే పోయేది కదా అని నవ్వుకుంటూ.