ఉత్త ద్రావకం వరుస

ల్యాబులో అందరూ ఆమెను పురుగులక్క అంటారు. ఇసుక ఈగ కాటుతో ఒంట్లో చేరి, నెలల తరబడి జ్వరంతో మనిషిని పీల్చి పిప్పిచేసే, కంటికి కనబడని పురుగులను ఇరవై రెండేళ్లుగా గాజు సీసాల్లో బతికిస్తున్న మనిషి మరి. మూడు రోజులకోసారి వాటికి మేత మార్చాలి, సెలవైనా సరే. చంటిపిల్లలైనా ఇంత సతాయించరు. అది పేదవాళ్ల జబ్బు కాబట్టి పెద్ద కంపెనీలేవీ ఇటు తొంగి కూడా చూడవు. కొత్త మందు వెతికే పని ఈ రెండు గదుల ల్యాబు నెత్తిన పడింది. ఆకుల సారం తీసి, ద్రావకంలో కరిగించి, పురుగుల మీద చుక్కలు వేసి చూడాలి.

చుక్కలు వేసే పళ్లెంలో తొంభై ఆరు గుంటలుంటాయి. ఒక వరుసలో మందు లేకుండా ఉత్త ద్రావకమే వేయాలి. పురుగులను చంపింది ఆకా, ద్రావకమా అన్నది ఆ వరుసే చెబుతుంది. ఆ రోజు డాక్టరుగారు తొందరలో ఉన్నారు.

"ఆ వరుస దండగమ్మా. అందులో ఇంకో ఆకు వేసెయ్."

వేసేసింది. ఇన్నేళ్ల అనుభవం ఏ గంగలో కలిసిందో!

పురుగులన్నీ చచ్చాయి. వారం తిరిగేసరికి, జబ్బుకు ఆకు మందు దొరికిందని పత్రికలో డాక్టరుగారి ఫోటో, పక్కనే పళ్లెం ఫోటో. పది రోజులైనా అనుమానం పీకుతూనే ఉంటే ఆమె ఉత్త ద్రావకం వేసి చూసింది. అందులోనూ చచ్చాయి. సారం సరిగ్గా కరగడం లేదని ఈసారి ద్రావకం మోతాదు పెంచారు, చంపింది అదే.

వెళ్లి చెబితే ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. "ఇప్పుడు రచ్చ చేయకు. మెల్లగా సవరిద్దాం. ఎవరి కొంప మునిగిందని?"

మునిగింది ఆమె కొంపే. తమ్ముడికి అదే జబ్బు. ఇరవై ఎనిమిది సూదుల్లో పదిహేడు అయ్యాయి. పిరుదులు గట్టిపడి కూర్చోలేకపోతున్నాడు. ఆ సాయంత్రం వాడి ఇంటికి వెళ్లేసరికి పొయ్యి మీద పేపర్లో పడిన ఆ ఆకే మరుగుతోంది.

"సూదులు మానేసి ఎన్నాళ్లయిందిరా?"

"తొమ్మిది రోజులు. మీ మందే కదక్కా! పేపర్లో నీ చెయ్యి కూడా పడింది."

పళ్లెం పట్టుకున్న చెయ్యి తనదే. ఆమెకు ఒళ్లు మండిపోయింది. డాక్టరుగారి మీద, పత్రిక మీద, అందరికన్నా ఎక్కువగా తన మీద. ఎంత చెప్పినా తమ్ముడు వినలేదు. "నీకేం, నొప్పి నాది" అన్నాడు. ఆమె ఆ కషాయాన్నే సీసాలో పోసుకెళ్లి పురుగుల మీద వేసింది. ఒక రోజు ఉంచి, తమ్ముణ్ణి లాక్కొచ్చి మైక్రోస్కోపు ముందు నిలబెట్టింది.

"ఇవి ఈదుతున్నాయేంటి?"

"నువ్వు తాగుతున్న దాంట్లోనేరా."

అప్పుడే డాక్టరుగారు లోపలికొచ్చారు. "ఎవరితను? ఎందుకు రానిచ్చావు?"

"మీ పేపరు చదివినవాడు సార్. కూర్చోమనకండి, కూర్చోలేడు. అది తప్పని మీరు రేపటిలోగా పత్రికకు రాయకపోతే నేను రాస్తాను."

అక్కణ్ణుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్లారు. నర్సు చీటీ తిరగేసి తల అడ్డంగా ఊపింది. "మధ్యలో ఇన్ని రోజులు మానేస్తే పాతవి లెక్కలోకి రావు. మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే."

తమ్ముడు ఆమె వైపు చూశాడు. "ఇరవై ఎనిమిదీనా, అక్కా?"

వాడు బల్ల ఎక్కి బోర్లా పడుకున్నాడు.