తల వంచని దండం

1973 చలికాలంలో నన్ను నాందేడ్‌లోని ఒక మిషన్ ఆసుపత్రి కంటి వార్డుకు ఇన్‌చార్జి సిస్టర్‌గా వేశారు. అంతకు ముందు కాన్పుల వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేశాను. అక్కడ కేకలు, పరుగులు, పసిపిల్లల ఏడుపులు. కంటి వార్డు అందుకు పూర్తిగా వేరు. రోగి కదలకుండా పడుకోవడమే అక్కడ సగం వైద్యం. నాలాంటి నోరు గల మనిషికి ఆ నిశ్శబ్దం మొదట్లో శిక్షలాగే అనిపించింది.

ఇప్పుడు శుక్లం ఆపరేషన్ చేయించుకుని సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోతున్నారు కాబట్టి అప్పటి పద్ధతి కాస్త చెప్పాలి. నల్లగుడ్డు అంచున కోత పెట్టి, మసకబారిన కటకాన్ని మొత్తంగా బయటికి తీసి, సన్నటి పట్టుదారంతో కుట్లు వేసేవారు. ఇప్పటిలా కంటి లోపల అద్దం అమర్చడం లేదు, తర్వాత మందపాటి కళ్లజోడు ఇచ్చేవాళ్లం. కోత కాస్త మానేదాకా రెండు కళ్లకూ కట్టు. తలకు అటూ ఇటూ ఇసుక సంచులు. గట్టిగా దగ్గకూడదు, నమలకూడదు, ముక్కకూడదు. కట్టు విప్పాక కూడా కొన్ని వారాల పాటు తల కిందికి వంచకూడదు. వంచితే కంట్లో ఒత్తిడి పెరిగి, కుట్లు వదిలి, లోపలి పొర బయటికి వచ్చేస్తుంది. ఇక ఆ కన్ను దక్కడం కష్టం.

వార్డులో అందరం కాక, అంటే బాబాయి, అని పిలిచే గంగారాంకు సరిగ్గా అదే జరిగింది. ఆయన తెలంగాణ సరిహద్దున బాబ్లీ దగ్గరి పల్లెలో వ్యవసాయం చేసుకునే మనిషి. మా దగ్గరికి రావడానికి ముందు వేరే చోట కుడికంటికి ఆపరేషన్ చేయించుకున్నాడు. కట్టు విప్పారు, చూపు వచ్చింది. ఆ సంతోషంలో మంచం దిగి డాక్టరు కాళ్ల మీద పడి, నుదురు నేలకు ఆనించి మొక్కాడు. లేచేసరికి కన్ను చెడింది. మా ప్రాంతంలో చూపు ఇచ్చినంత మేలు చేసిన మనిషికి నిలబడి దండం పెట్టి ఊరుకుంటే మర్యాద కాదు. ఆ మర్యాదే గంగారాం కాక కన్ను తీసింది. ఇప్పుడు మిగిలిన ఎడమకంటికి మా డాక్టరు గారు ఆపరేషన్ చేశారు. ఇదీ పోతే ఆయనకు లోకమంతా చీకటే.

ఆపరేషన్ అయిన మర్నాడే గంగారాం కాక నాతో అన్నాడు: "బిడ్డా, కన్ను కనవడ్డదంటే సాహెబ్ కాళ్లు మొక్కకుంట ఇంటికి పోను."

నేను వెంటనే అడ్డుపడ్డాను. "ఒక కన్ను గట్లనే పోగొట్టుకుంటివి గద కాకా!"

"ఎరుకే బిడ్డా. అప్పుడు గూడ వంగద్దనే చెప్పిండ్రు. నేను వంగలే, నా నడుమే వంగింది. ఏం జెయ్యాలె?"

ఈ సంగతి డాక్టరు గారికి చెప్పాను. ఆయన వచ్చి మరాఠీలో గట్టిగా మందలించారు. కాక బుద్ధిగా "హో సాహెబ్, హో సాహెబ్" అన్నాడు. ఆ "హో" మీద నాకు రవ్వంత నమ్మకం కూడా కలగలేదు. నడుమే వంగిందని ఆయన చెప్పింది అబద్ధం కాదు. పుట్టినప్పటి నుంచి అలవాటైన దండం అది, మనసును అడిగి రాదు. దాని బదులు ఇంకో అలవాటు పెట్టాలి తప్ప తిట్లతో పని కాదని తేల్చుకున్నాను.

ఆ అలవాటు మా ఇంట్లోనే దొరికింది. సాయంత్రం ప్రార్థనకు మా అమ్మ పెట్టిన పద్ధతి ఒకటుండేది. కోరికలు చెప్పుకునే ముందు, ఆ రోజు మనసుకు హాయిగా అనిపించిన ఒక చిన్న సంగతి చెప్పి ప్రభువును స్తుతించాలి. పరీక్ష పాసయ్యానంటే అమ్మ ఒప్పుకునేది కాదు. పెద్ద సంగతులకు ఎవరైనా సంతోషిస్తారు, దానికి విశ్వాసం ఎందుకు అనేది. చింతచిగురు పప్పు, ఆరిన చీరలో ఎండ వాసన, అలాంటివి కావాలి. చిన్నప్పుడు విసుక్కునేదాన్ని. ఉద్యోగంలో చేరాక ఆ పద్ధతే నన్ను నిలబెట్టింది. ఎంత పాడు రోజైనా ప్రభువు ఏదో ఒకటి నా చేతిలో పెట్టే ఉంటాడని నమ్మి వెతికితే, దొరకని రోజు లేదు.

మా ఆసుపత్రిలో సాయంత్రం డ్యూటీ మారేటప్పుడు వార్డులో చిన్న ప్రార్థన ఉండేది. అది ముగిశాక నేను గంగారాం కాక మంచం పక్కన నిలబడి నా చిన్న సంగతి పైకే చెప్పడం మొదలుపెట్టాను. కాక చెవులు రిక్కించి విన్నాడు. "నేను గూడ చెప్పొచ్చునా బిడ్డా?" అని అడిగాడు.

"చెప్పొచ్చు. కాని దీనికి ఒక పద్ధతి ఉన్నది. తల దిండు మీదనే ఉండాలె, గడ్డం పైకి, చేతులు రొమ్ము మీద జోడించాలె. గట్లయితేనే చెల్లుతది."

చేతులు పెట్టించాను. కాక అలాగే పడుకుని, "ఇయ్యాల గంజిల ఉప్పు సరిగ్గ వడ్డది" అన్నాడు. ఆయన భార్య లచ్చవ్వ పక్కనే స్టూలు మీద కూర్చుని ఉంది. ఆమెకు చిర్రెత్తుకొచ్చింది.

"ఏంది సిస్టరమ్మా, మా ముసలోన్ని మీ మతంల కలుపుకుంటవా ఏంది?"

"అవ్వా, నేను చెప్పుకునేది మా ప్రభువుకు. కాక ఎవ్వలికి చెప్పుకుంటడో కాక ఇష్టం. నాకు కావల్సింది ఆయన తల దిండు మీద ఉండుడే."

"గంజిల ఉప్పు ముచ్చట దేవునికి చెప్పుడేంది, అయ్యో!"

"ఉప్పు ఇచ్చినాయనకు చెప్పకుంటే ఇంకెవ్వలికి చెప్తరవ్వా?"

లచ్చవ్వ మూతి తిప్పుకుంది. ఇక రోజూ సాయంత్రం కాక చేతులు జోడించి నా అడుగుల చప్పుడు కోసం ఎదురుచూసేవాడు. కిటికీ దగ్గర పిచ్చుకల జగడం ఒక రోజు, ఎడమకాలి మీద పడ్డ ఎండపొడ ఒక రోజు. పక్క మంచం పెద్దాయన గురక మధ్యాహ్నమంతా ఆగిందని ఒక రోజు చెబితే వార్డంతా కిసుక్కుమంది. నవ్వితే కుట్లకు మంచిది కాదు, అందరినీ కసిరి నేను స్టోర్ రూములోకి వెళ్లి నవ్వుకున్నాను. రెండు కళ్లూ మూసుకుని పడుకున్న ఆ మనిషి మా అందరికంటే ఎక్కువ చూస్తున్నట్టు అనిపించి ఎంత ఆనందంగా ఉండేదో!

కట్టు తీసే రోజు వచ్చింది. కాకను మంచం మీద దిండ్లు ఆనించి కూర్చోబెట్టాను. డాక్టరు గారు కట్టు విప్పి, కన్ను శుభ్రం చేసి, మందపాటి పరీక్ష అద్దం ముందు పెట్టి, ఎన్ని వేళ్లని అడిగారు. కాక సరిగ్గా చెప్పాడు. వార్డంతా ఊపిరి పీల్చుకుంది. నేను మాత్రం గంగారాం కాక నడుము వైపే చూస్తున్నాను.

అన్నీ ఆలోచించాననుకున్నాను, లచ్చవ్వను మరిచాను. ఆమె ఒక్కసారిగా ఏడుస్తూ డాక్టరు గారి కాళ్ల మీద పడింది. పడుతూనే చెయ్యి పైకి చాచి కాక భుజం పట్టుకుని కిందికి లాగింది. "మొక్కవయ్యా, మొక్కు! దేవునసొంటి సాహెబ్!"

కాక భుజం ముందుకు వచ్చింది. నేను మంచానికి అటువైపు ఉన్నాను, చెయ్యి అందలేదు. డాక్టరు గారి చేతిలో అద్దం ఉంది.

"ఆగవే!" అన్నాడు కాక. వెనక్కి జరిగి దిండ్లకు ఆనుకున్నాడు. గడ్డం పైకెత్తి, చేతులు రొమ్ము మీద జోడించాడు. "తల వంచద్దు. గిట్లనే చెప్పుకోవాలె."

డాక్టరు గారు కాక కంటి ముందు అద్దం కదలనీయలేదు. లచ్చవ్వ నేల మీది నుంచి ముఖం ఎత్తింది. కాక ఆమె వైపు చూసి, సాయంత్రం పూట చెప్పే గొంతుతోనే అన్నాడు:

"లచ్చవ్వ ముక్కుపుల్ల మెరుస్తున్నది."

లచ్చవ్వ కొంగుతో ముఖం మొత్తం కప్పుకుంది. నాకూ కళ్లు తడిశాయని చెప్పడానికి సిగ్గేమీ లేదు. డాక్టరు గారు మాత్రం చుక్కల మందు వేయమని నాకు గుర్తు చేశారు. వేశాను. కొన్ని వారాలకు కోత పూర్తిగా మానింది. కాక కళ్లజోడు పెట్టుకుని, లచ్చవ్వ చెయ్యి పట్టుకోకుండానే బస్సెక్కి ఊరికి వెళ్లాడు.

రోగికి వద్దని చెప్పి వదిలేస్తే సరిపోదు, దాని బదులు ఏం చేయాలో అలవాటు చేయించాలి. అది వృత్తిపరంగా నేను నేర్చుకున్నది. రెండోది విశ్వాసానికి సంబంధించినది. పెద్ద సంతోషం మీద పడినప్పుడు మనిషి తట్టుకుని నిలబడాలంటే, అంతకు ముందు చిన్న వాటితో సాధన అయి ఉండాలి. గంజిలో ఉప్పుకు కృతజ్ఞత చెప్పడం నేర్చిన వాడికే చూపుకు ఎలా చెప్పాలో తెలిసింది. కాక కట్టు విప్పిన మరుసటి వారం నుంచే ఆ వార్డులో రోగితో పాటు పక్కనుండే వాళ్లకు కూడా తల ఎత్తి దండం పెట్టడం నేర్పాను. అందరికంటే ముందు నేర్చుకున్నది లచ్చవ్వే.